చిలక చదివిన జాబితా

వీధి మలుపులో కళ్ళద్దాల షాపు. మధ్యాహ్నం మూడు దాటింది. కౌంటరుకి అవతల షాపాయన. ఇవతల చొక్కాలు కుట్టే అక్క, ఆమె పక్కన సుంకాల ఆఫీసులో పనిచేసే తమ్ముడు. తమ్ముడికి నలభై తొమ్మిదేళ్ళు నిండాయి, అయినా అక్క నోట్లో వాడింకా చిలకే. బేరం అప్పటికే సగానికొచ్చింది.

"పధ్నాలుగొందలా? వట్టి అద్దాలకే చెప్తున్నారా అన్నయ్యా, వాటితోపాటు కొత్త కళ్ళు కూడా ఇస్తారా?"

"నన్నని ఏం లాభమమ్మా? పోయిన నెల దాకా వెయ్యే. ఇప్పుడు పైదేశం నుంచి వచ్చే అద్దాల మీద నూటికి నలభై సుంకం వేశారు. ఆ నాలుగొందలూ నా జేబులోకి రావు తల్లీ, సర్కారు జేబులోకే."

"ఒరేయ్ చిలకా, విన్నావా? నీ ఆఫీసునే అంటున్నారు. కాస్త సిగ్గుపడు, చూడ్డానికి బావుంటుంది."

"నేనెందుకక్కా సిగ్గుపడటం? సుంకమన్నాక పెరుగుతుంది. దేశం నడవాలా వద్దా? అయినా ఒక చేత్తో తీసుకుంటే ఇంకో చేత్తో ఇచ్చారుగా. ఆదాయప్పన్ను తగ్గించారు. ఆ సంగతి ఎవరూ ఎత్తరేం?"

"ఎత్తుతాను, ఎందుకెత్తను. ఎవరికి తగ్గించారు?"

"అందరికీ."

"అందరికీనా?"

"అంటే... కట్టేవాళ్ళందరికీ. నాకు నెలకి ఆరొందలు మిగులుతున్నాయి. మా పెద్దాఫీసరు గారికి పన్నెండు వేలు."

"మరి నాకు?"

"నువ్వసలు పన్ను పరిధిలోనే లేవు కదా. అదృష్టవంతురాలివి."

"ఓహో! ఇన్నేళ్ళు నాకీ సంగతి ఎవరూ చెప్పలేదురా. నా దిష్టి నాకే తగిలేట్టుంది. సరే, పన్ను పరిధిలో లేను. మరి ఈ పధ్నాలుగొందల పరిధిలో ఎలా పడ్డాను?"

"అది వేరు, ఇది వేరు."

"ఏం వేరు?"

"ఆదాయప్పన్ను మనిషి సంపాదన చూసి వేస్తారు. సుంకం సరుకుని చూసి వేస్తారు."

"అంటే కొనేదెవరో చూడరన్నమాట. మీ పెద్దాఫీసరుకీ రెండు కళ్ళే, నాకూ రెండు కళ్ళే. ఆయనా నాలుగొందలు ఎక్కువిస్తాడు, నేనూ నాలుగొందలు ఎక్కువిస్తాను. ఎంత సమానత్వంరా నాయనా! కళ్ళనీళ్ళొస్తున్నాయి."

"చూశావా, నువ్వే ఒప్పుకున్నావు."

"నాలుగొందలంటే నాకు పదహారు చొక్కాల కుట్టు. ఆయనకెంత?"

"ఆయనకి... ఓ ఫైలు."

"చదవడమా?"

"సంతకం పెట్టడం."

"అమ్మా, మీ ఇద్దరూ తేల్చుకునేలోగా ఆ బిల్లు పుస్తకం లోపల పెట్టేయమంటారా?"

"ఉండండన్నయ్యా. పైదేశం అద్దాలు మాకెందుకు, మా ముక్కులకి అంత గౌరవం అక్కర్లేదు. మన ఫ్యాక్టరీలో చేసినవి చూపించండి. వాటి మీద సుంకం లేదుగా?"

"లేదు."

"ఎంత?"

"పదమూడొందల యాభై."

"పోయిన నెల?"

"ఎనిమిదొందలు."

"సుంకం లేకుండానే పెరిగాయా? వాటంతటవే? పెరట్లో పొట్లకాయల్లాగా?"

"పక్కవాడి ధర ఎగిరాక తన ధర పెంచనివాణ్ణి వ్యాపారంలో పిచ్చివాడంటారమ్మా. ఆ ఫ్యాక్టరీ ఆయన పిచ్చివాడు కాదు."

"అంటే ఆ అయిదొందల యాభై సర్కారుకి కూడా పోదు."

"పోదు. ఆయనకే. ఆయనకి ఆదాయప్పన్ను కూడా తగ్గిందిగా, రెండు చేతులా పుచ్చుకుంటున్నాడు పాపం."

"ఒరేయ్ చిలకా, ఏదో చెయ్యి అన్నావు, ఏ చెయ్యిరా అది?"

"అక్కా, నీకు వ్యవహారం తెలీదు. ఇవన్నీ పెద్దలు ఆలోచించి చేసే పనులు."

"నాకు వ్యవహారం తెలీదు, కుట్టడం తెలుసు. అన్నయ్యా, పోయిన నెల మీ షాపుకి అద్దాలు పెట్టుకునే గుడ్డ సంచులు మూడొందలు కుట్టిచ్చాను. గుర్తుందా?"

"ఎందుకు గుర్తులేదమ్మా. బాగా కుట్టారు."

"ఒక్కసారే మూడొందలు ఎందుకు కావాల్సొచ్చాయి? మూడొందల జతలు వచ్చి పడితేనేగా? అప్పటికి సుంకం లేదుగా?"

"అదీ... సరుకు ముందూ వెనకా వస్తూ ఉంటుందమ్మా."

"ముందొచ్చిన సరుకుకి వెనకొచ్చిన ధర. మీరూ పిచ్చివారు కాదన్నమాట."

"అమ్మా, కాస్త మెల్లిగా. లోపల ఇంకో బేరం ఉంది."

"లోపల మీ పిల్లి తప్ప ఎవరూ లేరు, ఇందాక చూశాను. ఆ మాత్రం కనిపిస్తుంది. సూది బెజ్జమే కనిపించదు."

"ఇంతకీ ఉన్న అద్దాలేమయ్యాయక్కా? నీకు ఉండేవిగా?"

"నాకెక్కడివిరా? మా కుట్టు హాల్లో పన్నెండు మందిమి. నలభై దాటనిది ఒక్కతీ లేదు. పన్నెండు మందికీ కలిపి ఒకటే జత."

"ఒకటే జతా? ఎలా?"

"వంతులు. పావుగంట చొప్పున. నీ వంతు వచ్చినప్పుడు ఇరవై సూదులకి దారం ఎక్కించుకుని దిండుకి గుచ్చి పెట్టుకోవాలి. పావుగంట కాగానే పక్కదానికి ఇచ్చెయ్యాలి. తర్వాత కంటితో కాదు, వేలితో తడుముకుంటూ కుట్టడమే. పోయిన వారం చేయి మారేటప్పుడు కిందపడి పగిలాయి. ఎవరి చేతిలోంచి పడ్డాయని పన్నెండు మందిమీ అరగంట పోట్లాడుకున్నాం, తర్వాత పన్నెండు మందిమీ ఏడ్చాం."

"అయ్యో."

"అయ్యో అంటే సరిపోదు. సోమవారం నుంచి నల్ల గుడ్డ మీద నల్ల దారం పని. కుట్టు వంకర పోతే చొక్కా ఖరీదు మా కూలీలోంచి కోత. మూడు చొక్కాలు పాడైతే ఇంటికి పొమ్మన్నారు. అద్దాలు లేకుండా నల్ల గుడ్డ మీద నల్ల దారం అంటే పన్నెండు మందిమీ మంగళవారానికే ఇంట్లో ఉంటాం."

"నీకా బాధేం లేదక్కా. నీ అద్దాలు నేను కొనిస్తాను. నాకు మిగిలే ఆరొందలు ఎందుకున్నాయి మరి? సారూ, రాయండి బిల్లు."

"రాయకండన్నయ్యా. ఎదురు షాపు ముందు ఆ గుంపేంటి?"

"అదా? వేలాడే దీపాల షాపు. హాలు మధ్యలో గాజుగుత్తులు వేలాడతాయే, అవి. పైదేశపువి. వాటి మీద సుంకం పూర్తిగా ఎత్తేశారటమ్మా. పొద్దుట్నుంచీ కార్లే కార్లు. నా షాపు ముందు కూడా పెట్టేశారు, నా బేరం రావాలంటే డిక్కీ ఎక్కి దిగాలి."

"కళ్ళద్దాల మీద వేసి, వేలాడే దీపాల మీద తీశారా?"

"అదొక్కటే కాదు. ఇదిగో పేపరు, జాబితా మొత్తం ఉంది. ఆడంబర వస్తువులట, సుంకం పడ్డవి. చదువుతాను వినండి. కుంటివాళ్ళ చంక కర్రలు ఆడంబరం, సుంకం నలభై. గోల్ఫ్ కర్రలు నిత్యావసరం, సుంకం లేదు. పసిపిల్లల పాలసీసాలు ఆడంబరం. పందెం గుర్రాల జీనులు నిత్యావసరం. చెవిటి మిషను ఆడంబరం. సెంటు సీసా నిత్యావసరం."

"ఆహా! చెవులు వినపడకపోయినా వాసన మాత్రం బాగా రావాలి. ఒరేయ్ చిలకా, ఏమంటారురా మీ పెద్దలు దీన్ని?"

"మంత్రిగారు టీవీలో చెప్పారుగా. నువ్వు వినలేదా? జనం కర్రల మీదా అద్దాల మీదా ఆధారపడటం మానాలి, సొంత కాళ్ళ మీద నిలబడాలి, సొంత కళ్ళతో చూడాలి అన్నారు. దూరదృష్టితో చేశారట."

"దగ్గరి దృష్టే కదరా మా బాధ."

"నవ్వకు. ఒక ప్రొఫెసరు గారు పేపర్లో పెద్ద వ్యాసం కూడా రాశారు. గుర్రాల జీనుల వల్ల దేశం ఎలా ముందుకెళ్తుందో లెక్కలతో చూపించారు."

"గుర్రమెక్కినవాడు ముందుకే వెళ్తాడులే. ఇంతకీ ఈ జాబితా తయారుచేసిన మహానుభావుడెవరు?"

"కమిటీ."

"కమిటీ అంటే?"

"కమిటీ అంటే... పెద్దలు."

"పెద్దలు కూర్చుంటారు. పెన్ను పట్టుకున్న చెయ్యి ఎవరిది?"

"ఆఫీసన్నాక చాలా చేతులుంటాయక్కా. ఇప్పుడదంతా దేనికి? సారూ, ఆ బిల్లు..."

"అన్నయ్యా, బయట బోర్డు మీద 'కళ్ళ పరీక్ష ఉచితం' అని రాశారు. దాని మీద సుంకం పడలేదుగా?"

"ఇంకా లేదమ్మా. రేపటి సంగతి సారే చెప్పాలి."

"అయితే ముందు వీడి కళ్ళు చూడండి."

"నావా? నావెందుకు? వచ్చింది నీ అద్దాలకి. నావి డేగ కళ్ళు. మొన్న ఆఫీసులో ఏటా పెట్టే పరీక్షలో కూడా కిందాఖరి వరుస దాకా చదివాను. డాక్టరే మెచ్చుకున్నాడు."

"మెచ్చుకోలు ఎక్కువైతే చేదా? కూర్చో. పోయిన రెండాదివారాలూ నీకోసం అన్నం వండి గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాను. ఒక్కసారీ రాలేదు. దానికి శిక్ష అనుకో."

"నువ్వు పిలిస్తేగా రావడానికి!"

"పిలవలేదా?"

"ఎప్పుడు పిలిచావు?"

"సరేలే. కూర్చో ముందు."

"సారూ, ఇలా స్టూలు మీద. ఎడమ కన్ను మూసుకోండి. ఎదురు గోడ మీద బోర్డుంది. అన్నిటికన్నా కింది వరుస చెప్పండి."

"ఇదేనా, ఇంకా ఏమన్నా కష్టమైంది ఉందా? హ, ట, ణ, ఝ, మ, క్ష."

"దాని పైది?"

"గ, ల, ష, డ, ప."

"దాని పైది?"

"ర, వ, బ, య. చాలా? పైకప్పు దాకా చదవనా? అక్కా, విన్నావా?"

"విన్నాను నాయనా. గుక్క తిప్పుకోకుండా చెప్పావు. అన్నయ్యా, ఎన్ని కుదిరాయి?"

"ఏం చెప్పమంటారమ్మా..."

"ఉన్నదే చెప్పండి."

"ఒక్కటీ కుదరలేదు. అసలవి అక్షరాలే కావు సారూ. అంకెలు."

"అంకెలా?"

"చదువు రానివాళ్ళ కోసం వెనకవైపు అంకెలుంటాయి. ఇవాళ ఆ వైపు తగిలించి ఉంది."

"ఎవరు తిప్పారు? ఎందుకు తిప్పారు? అన్ని షాపుల్లో, అన్ని ఆఫీసుల్లో ఇన్నేళ్ళుగా ఒకటే వైపు ఉంటే..."

"దుమ్ము దులిపేటప్పుడు తిరగబడి ఉంటుంది లెండి. కదమ్మా?"

"నన్నెందుకు అడుగుతారు? షాపు మీది, దుమ్ము మీది."

"అక్కా, అలా చూడకు. ఇవాళ కాస్త తలనొప్పిగా ఉంది. పొద్దున్న ఎండలో..."

"ఎండలో అంకెలు అక్షరాలైపోయాయా? చిన్నప్పుడు పుస్తకం తలకిందులుగా పట్టుకుని పాఠం మొత్తం అప్పజెప్పేవాడివి. చిలక అని పేరు పెట్టింది నేను. అప్పుడు ముద్దొచ్చింది. ఇప్పుడు చెప్పు, ఎన్నాళ్ళైంది?"

"ఏంటి ఎన్నాళ్ళు?"

"అక్షరాలు కనపడక."

"...నాలుగేళ్ళు. అయిదేమో."

"అద్దాలు పెట్టుకోడానికి ఏం రోగం?"

"నీకేం తెలుసక్కా. నెలాఖరుకి సూపరింటెండెంటు సీటు ఖాళీ అవుతోంది. అయిదేళ్ళుగా దానికోసమే చూస్తున్నాను. అద్దాలతో కనిపించినవాణ్ణి చూసి 'వీడి పని అయిపోయింది' అంటారు. ఆ సీటు పక్క బల్లవాడికి పోతుంది. వాడికి జుట్టు కూడా ఉంది."

"మరి అయిదేళ్ళుగా ఆఫీసులో ఏం చదువుతున్నావురా?"

"చదవక్కర్లేదక్కా. ఏటా అదే పని. అంతా నోటికొచ్చు."

"ఏ పని?"

"అదీ... గుర్తులు పెట్టడం."

"ఏ గుర్తులు?"

"జాబితాలో. ప్రతి సరుకు పక్కనా ఒక గడి ఉంటుంది. ఆడంబరమైన వాటి గడిలో గుర్తు పెట్టాలి. ఏటా అవే సరుకులు, అదే వరస. పదకొండో గడి, పదిహేడో గడి, ఇరవై మూడో గడి... కళ్ళు మూసుకుని పెట్టేస్తాను."

"మూసుకున్నా తెరుచుకున్నా ఒకటేగా. అన్నయ్యా, ఆ పేపరు మళ్ళీ తీయండి. మేం కొలతలు రాసుకునే కాగితంలా వరసగా అంకెలేసి ఉందా జాబితా? పదకొండో దాంట్లో ఏముంది?"

"పదకొండు... కళ్ళద్దాలు."

"ఒరేయ్, పోయిన ఏడాది పదకొండో గడిలో ఏముండేది?"

"వేలాడే దీపాలు. పది కళ్ళద్దాలు, పదకొండు వేలాడే దీపాలు, పన్నెండు... ఆగు. ఆగక్కా. పదకొండులో కళ్ళద్దాలెందుకుంటాయి?"

"మీరే చెప్పాలి సారూ."

"పేపరు మీ చేతిలోనే ఉందిగా, పైనుంచి చదవండి సారూ, మొదటినుంచీ."

"ఒకటి, అద్దకం రంగులు. రెండు, ఇనప మేకులు. మూడు, ఉన్ని. నాలుగు, కుక్కల సబ్బు."

"కుక్కల సబ్బా? నాలుగులో కుక్కల సబ్బు లేదే! నాలుగు ఊదుగొట్టాలు!"

"ఊదుగొట్టాలు అయిదులో ఉన్నాయి సారూ. ఈ ఏడు కొత్తగా చేర్చినట్టున్నారు, కుక్కల సబ్బుని."

"నాకెవరూ చెప్పలేదు!"

"కాగితం మీద రాసి చెప్పారురా. అంటే కుక్కల సబ్బొచ్చి నాలుగులో కూర్చుంది, దాని కిందవన్నీ ఒక్కో గీత కిందికి జరిగాయి. నువ్వు మాత్రం గుర్తులు పాతచోటే పెట్టావు. దీపాలకి పడాల్సింది అద్దాలకి పడింది."

"గోల్ఫ్ కర్రలకి పడాల్సింది చంక కర్రలకి. అవి రెండూ పక్కపక్కనే ఉన్నాయమ్మా, నిజమే! పాలసీసాల కిందే గుర్రాల జీనులు!"

"మరి మంత్రిగారి దూరదృష్టి?"

"దాని మాట ఎత్తకక్కా."

"ప్రొఫెసరు గారి లెక్కలు?"

"అక్కా, దండం పెడతాను."

"నీ పైన ఇంకెవరూ చూడరా?"

"ముగ్గురున్నారు. ముగ్గురూ సంతకాలు పెట్టారు."

"చదివారా?"

"నేను చదివానని సంతకం పెట్టాను కదక్కా. మళ్ళీ వాళ్ళెందుకు చదువుతారు?"

"నిజమేలే. నాలుగు సంతకాలు, ఒక్క కన్నూ లేదు. అన్నయ్యా, వీడికి మంచినీళ్ళివ్వండి. మొహం పాలిపోయింది."

"ఇదిగోండి సారూ. అయినా దిద్దుకోవచ్చుగా? పేపర్లో కిందే ఉంది. 'అభ్యంతరాలు పదిహేను రోజుల్లోగా తెలుపవలెను.' పదిహేను రోజులంటే... ఇవాళే ఆఖరు."

"అయిదింటికి. అయిదింటికి పెట్టె మూసేస్తారు. ఆ తర్వాత వచ్చే ఏడు దాకా మార్చరు."

"ఇంకా చాలా టైముంది. లే మరి."

"ఎక్కడికి లేవడం? అక్కా, నువ్వు నెమ్మదిగా ఆలోచించు. 'తప్పు నాదే' అని రాసిచ్చాననుకో, సూపరింటెండెంటు సీటు అంతే సంగతులు. గోదాములో బస్తాలు లెక్కపెట్టుకోమంటారు. నా పిల్ల చదువుంది, ఇంటద్దె ఉంది. దానికన్నా నీకు నేను అద్దాలు కొనిస్తాను. ఒకటి కాదు, రెండు జతలు. పైదేశంవే. విషయం మన ముగ్గురి మధ్యా ఉంటుంది."

"నాకు కొనిస్తావు. బాగుంది. మా హాల్లో ఇంకా పదకొండు మంది ఉన్నారు."

"వాళ్ళ సంగతి నాకెందుకు?"

"అంతేలే. వాళ్ళకి తమ్ముళ్ళు లేరు."

"అది కాదక్కా..."

"చంక కర్రలవాళ్ళకీ లేరేమో. నీ ఒక్క గీతకి ఊరంతా తమ్ముళ్ళని ఎక్కణ్ణించి తెచ్చేదిరా?"

"ఒకవేళ ఇంత అన్యాయమే అయితే జనం అర్జీలు పెట్టుకోవచ్చుగా? పెట్టె పెట్టింది దానికేగా?"

"పెట్టుకోలేదా ఎవరూ?"

"...పెట్టుకున్నారు. నూట పన్నెండు వచ్చాయి."

"ఎవరు చదివారు వాటిని?"

"నా సెక్షనుకే వస్తాయి."

"అది కాదు నేనడిగింది."

"చేతిరాతలక్కా! కోడి గీతలు! ఒకటా రెండా... ముద్ర ఉంటుంది. ముద్ర వేసి, సంతకం పెట్టి, అడ్రసు అంటించి తిప్పి పంపించేశాను."

"అన్నయ్యా, మీ దగ్గర పరీక్షకి వాడే ఫ్రేముంటుందే, అద్దాలు మార్చి మార్చి చూపిస్తారు. వీడికి సరిపడేవి వేసి ముక్కుకి తగిలించండి."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. నువ్వు కదలకు."

"ఇలా చూడండి సారూ. ఇది బాగుందా? ఇది? ఇది కాస్త మెరుగా?"

"ఇది... ఓరి నాయనో. ఇది బాగుంది. సారూ, మీ గడియారానికి సెకన్ల ముల్లు కూడా ఉందే! మూడూ నలభై. గోడ మీద బల్లి ఉంది."

"బల్లిని తర్వాత చూద్దువుగాని. ఇదిగో, ఈ కాగితం చూడు."

"ఎక్కడిదిది? నీ సంచిలో... ఉండు. అక్కా, నీ వేళ్ళేంటి?"

"కాగితం చూడరా అంటే వేళ్ళు చూస్తావేం?"

"ఈ చుక్కలన్నీ ఏంటి? ఈ బొటనవేలు... మొత్తం నల్లగా..."

"సూది పోట్లు. వంతు రానప్పుడు తడుముకుంటూ కుడితే అలాగే ఉంటుంది. ఎన్నోసార్లు నీ ముందే అన్నం కలిపాను, ఇప్పుడు కనిపించాయా? సరే కానీ, కాగితం చదువు. పైనుంచి."

"'సుంకాల ఆఫీసు వారికి. కుట్టు హాలు కార్మికులు పన్నెండు మందిమి రాసుకున్న అర్జీ. అయ్యా, కళ్ళద్దాల మీద సుంకం పొరపాటున పడిందని మాకు తోస్తోంది. జాబితాలో గీతలు జరిగినట్టున్నాయి. దయచేసి ఒకసారి పాత జాబితా పక్కన పెట్టి చూడగలరు...' అక్కా, ఇది..."

"ముద్ర కూడా చదువు. అడ్డంగా, ఎర్రగా ఉంది."

"'పూర్తిగా చదివి, క్షుణ్ణంగా పరిశీలించి, తోసిపుచ్చడమైనది.'"

"ఎవరి సంతకం?"

"నాది."

"తారీఖు?"

"జాబితా వచ్చిన మర్నాడు."

"నూట పన్నెండులో మొదటిది. ఇప్పుడు అర్జీ కింద పేరు చూడు."

"నీ పేరు. నీ దస్తూరి. నేనెలా..."

"నీకు అ ఆలు దిద్దబెట్టిన దస్తూరిరా అది. ముద్ర గట్టిగా కొట్టావు, కాగితం చిరిగింది కూడా."

"సారూ, నీళ్ళు తాగండి. అమ్మా, పోనీండి. పాపం, ఆయన మొహం చూడలేకపోతున్నాను."

"మీ మాటకొస్తే, మా పన్నెండు మందికీ పాత సరుకు పాత ధరకే ఇస్తారుగా? మూడొందల సంచుల మీద ఒట్టు."

"ఇస్తానమ్మా, ఇస్తాను. ఇవాళ మీతో పెట్టుకునే ధైర్యం ఎవరికుంది?"

"అయితే మీ పన్నెండు మందికీ అద్దాలు వచ్చేసినట్టేగా? ఇంక నేను రాసివ్వడం దేనికక్కా?"

"చంక కర్రలవాడు నిన్నొచ్చి అడిగితే ఏం చెప్తావు? సొంత కాళ్ళ మీద నిలబడమంటావా?"

"పెన్నివ్వండి సారూ."

"ఇదిగో."

"తోసిపుచ్చినవాడే అదే కాగితం మీద తిరగరాస్తే చెల్లుతుంది. రూలుంది. రాస్తున్నాను. 'పొరపాటు నాది. ఈ ఏడు జాబితాలో నాలుగో గీత కొత్తగా చేరింది. నేను చదవకుండా గుర్తులు పెట్టాను. ఈ అర్జీ కూడా చదవకుండానే తోసిపుచ్చాను. రెండూ సరిచేయగలరు.' చాలా?"

"'చదవకుండా' కింద గీత గియ్యి."

"గీశాను. అయిపోయిందక్కా. సీటూ పోయింది, పరువూ పోయింది. గోదాములో ఎలకలతో నా కాపురం."

"జీతం తగ్గితే ఆదాయప్పన్ను కూడా తగ్గుతుందిలే. ఇంకాస్త తగ్గిందనుకో, పరిధిలోంచే బయటికొస్తావు. నాలాగా అదృష్టవంతుడివైపోతావు."

"నవ్వించకు. ఏడుపొస్తోంది."

"ఏడిస్తే ఆ అద్దాలు మసకేస్తాయి. షాపాయనవి, జాగ్రత్త."

"ఉంచుకోండి సారూ, అవి పెట్టుకునే వెళ్ళండి. లెక్క తర్వాత చూసుకుందాం. నాలుగు కావస్తోంది, ఎదురు షాపు కార్ల మధ్య ఆటో దొరకడం కష్టం."

"వస్తానక్కా."

"ఆగు. కాగితం వెనక్కి తిప్పు. అక్కడ ఇంకో ముక్కుంది."

"దారిలో చదువుతాలే, టైమవుతోంది."

"పూర్తిగా చదివానని ముద్ర కొట్టావురా. ఇప్పుడైనా పూర్తి చెయ్."

"'ఒరేయ్ చిలకా, ఈ ముక్క చదివావంటే నీ కళ్ళు బాగున్నట్టే, అనవసరంగా అనుమానపడ్డాను, ఆదివారం భోజనానికి రా. రెండాదివారాలు చూస్తాను. రాలేదంటే మాత్రం, నా అద్దాలు కొనుక్కోవాలని అబద్ధం చెప్పి నిన్ను కళ్ళ షాపుకి తీసుకెళ్తాను.'"